ఐదో పన్ను

చూళైలో మేడమీద మా ల్యాబు,
కింద సైకిల్ రిపేరు, పక్కన అప్పడాల అంగడి.
పగలంతా మనుషుల పళ్ళు చేస్తాను.
తమలపాకు నమిలే ముసలమ్మకి కాస్త పసుపు కలిపి,
పెళ్ళికొడుకు మేనమామకి తెలుపు ఎక్కువేసి.
రాత్రి ఎనిమిది దాటాక
అదే సూది, అదే బ్రష్షు, అదే దీపం కింద
రాళ్ళ నోళ్ళు తెరుస్తాను.

అరియలూరు సున్నపురాయి లారీలో
సీటు కింద లుంగీలో మూటగట్టి తెస్తాడు ఇళవరసు.
"అక్కా, ఈసారి మూడు పూరీలు, ఒక బన్ను."
అతని కళ్ళకి అన్నీ తిండే.
నీళ్ళలో నానేసి రుద్దితే
పూరీ వీపున ఐదు రేకులు లేస్తాయి,
తడినేల మీద ఎవరో గోటితో ముగ్గేసినట్టు.
ముళ్ళు రాలినచోట బొడిపెలు,
ఆటలమ్మ పోసి తగ్గిన చెంప.

తెలుగులో వీటినేమంటారని అమ్మనడిగాను.
"సముద్రంలో పల్లేరుకాయ" అంది
వంకాయ తరుగుతూ, తలెత్తకుండా.
డబ్బాల మీద ఆ పేరే రాసుకున్నాను.
ఇప్పటికి నలభై రెండు పల్లేర్లు.

కత్తిరి ఎండల్లో వచ్చింది ఆ బన్ను.
బోర్లించి చూస్తే నోటినిండా మన్ను.
చచ్చాక ముందు రాలేవి పళ్ళే,
నోరు ఖాళీగా ఉండటమే మామూలు.
ఈ మన్నులో మాత్రం
ఆవగింజంత మెరుపు.

పదకొండు రాత్రులు.
ఒకటి. రెండు. మూడోది కొంచెం వంకర.
నాలుగు.
ఐదోది ఉండాలి.
రేకులూ ఐదే, పళ్ళూ ఐదే,
ఈ జీవికి దేవుడు ఐదు దాటి లెక్క నేర్పలేదు.

కరెంటు పోయింది.
చెయ్యి ఆగలేదు.
టక్.
ఆ చప్పుడు నాకు తెలుసు, ఇరవయ్యేళ్ళుగా తెలుసు.
దీపం వచ్చేసరికి గోటిమీద కాస్త పొడి.
నాలుక మీద వేసుకున్నాను,
ఉప్పు లేదు.

"ఐదూ ఉంటే ఎనభై వేలు,
నాలుగైతే చూద్దాం" అన్నాడు రిఖబ్‌చంద్ సేటు.
చూద్దాం అంటే ఏమిటో
సౌకార్‌పేటలో పలక పట్టిన పిల్లకైనా తెలుసు.

ఆదివారం తెల్లవారకముందే కాసిమేడు వెళ్ళాను.
సగాయమేరి వల దులుపుతోంది.
రొయ్యలు బుట్టలోకి, పీతలు బకెట్లోకి,
నల్లటి ముళ్ళ ఉండలు చెప్పుకాలితో పక్కకి.
"దీన్నెవరు తింటారమ్మా? చేతులు పాడు."
ఒకదాన్ని తిరగేసి అరచేతిలో పెట్టుకున్నాను.
ఐదు పళ్ళు
తెరుచుకున్నాయి, మూసుకున్నాయి,
ఏదో చెప్పబోయి మానుకున్నట్టు.
అరిగేకొద్దీ కిందనుంచి మొలుస్తూనే ఉంటాయట.
ఈ వంశానికి నా బోటి దానితో పనేలేదు.
నీళ్ళలోకి విసిరాను.
మూడు ముళ్ళు అరచేతిలోనే ఉండిపోయాయి.

ఆ రాత్రే చేశాను పన్ను.
పింగాణీ, రవంత గోధుమ రంగు,
మొనలో ఆ వయసుకి తగిన అరుగుదల.
అతికించి, మన్ను అద్ది, దూరంగా పెట్టి చూశాను.
ఏది నాదో నేనే రెండుసార్లు వెతుక్కున్నాను.
ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు నాకు,
మనుషులకైనా.

నా పళ్ళు పెట్టుకున్నవాళ్ళకి తెలుసు
అవి కట్టుడువని.
పడుకోబోయేముందు తీసి గ్లాసులో వేస్తారు.
ఈ రాయి ఎప్పుడు తీస్తుంది?

జిగురు పూర్తిగా ఆరకముందే ఊడబీకాను.
సేటుకి ఫోన్ చేసి "నాలుగే" అన్నాను.
అటువైపు ఫ్యాను చప్పుడు కాసేపు,
"చూద్దాం."

మా ల్యాబులో ఏ పన్నుకైనా డబ్బా ఉంటుంది,
డబ్బాకి చీటీ ఉంటుంది.
పేషెంటు: పల్లేరు, అరియలూరు.
వయసు: ఏడు కోట్లు, ఇంచుమించు.
రంగు రాశాను.
డెలివరీ తేదీ దగ్గర పెన్ను ఆగింది.
అరచేతిలో మిగిలిన ముల్లు
రాసినప్పుడల్లా కలుక్కుమంటోంది,
రేపు డాక్టరుకి రెండు దవడలు ఇవ్వాలి.